మడమ పక్కకుంది

రుసా అవ్వకు ఒకటే జబ్బు. తాను అమ్మే వస్తువులో ఉన్న లోపాన్ని ముందే చెప్పేస్తుంది. కొనేవాళ్లు నోరు తెరవకముందే చెప్పేస్తుంది. లోపం కనబడకపోతే వెలుతురుకు పట్టుకుని, వెతికి మరీ చెబుతుంది.

రొడోపీ కొండల్లో కనుమ దగ్గర, రోడ్డు పక్కన ఒక ఊట ఉంది. ఊట పక్కన చెక్కబల్లలు. బల్లల మీద ఉన్ని మేజోళ్లు. దారిన పోయేవాళ్లు బండి ఆపి నీళ్లు తాగుతారు. వేళ్లు కొంకర్లు పోతాయి. అప్పుడు చూపు వెచ్చటి వస్తువు మీదికి పోతుంది. ఆ ఊరి ఆడవాళ్లకు తెలిసిన వ్యాపారమంతా అదే. ఊట ఎంత చల్లగా ఉంటే బల్లలు అంత ఖాళీ అవుతాయి.

రుసా అవ్వ బల్ల తప్ప.

"అది తీసుకోకు," అంటుంది. "మడమ పక్కకుంది."

"బాగానే ఉందే అవ్వా?"

"కాలు దూర్చాక తెలుస్తుంది. బొటనవేలు దగ్గర వదులు. జతలో రెండోది దీనికన్నా పొడుగు. చూస్తావా? చూడు. ఇంకా నమ్మవా? ఆ పక్క బల్ల చూడు పో."

కొనేవాడు పక్క బల్లకు పోతాడు. వెనక రాతి గోడ మీద కూర్చుని ఉన్ని వడుకుతూ ఇదంతా వినేది కోడలు సెవ్దా. వినీ వినీ ఆమె చేతిలో కదురు తనంతట తానే ఆగిపోయేది.

జబ్బు ఇప్పటిది కాదు. ఒకసారి రుసా అవ్వ మేకను అమ్మడానికి సంతకు తోలుకుపోయింది.

"పాలిస్తుందా?" అని అడిగాడు ఒక పెద్దమనిషి.

"ఇస్తుంది. ఇచ్చి తంతుంది."

"తన్నినా ఫరవాలేదులే."

"నువ్వు కుంటితే మీ ఆవిడ నన్ను తిడుతుంది. వద్దు."

సాయంత్రానికి ఇద్దరూ తిరిగి ఇంటికొచ్చారు. మేక ముఖం కూడా చిన్నబోయి ఉంది.

సెవ్దాను కొడుక్కి అడగడానికి వచ్చినప్పుడూ అంతే. కుర్చీలో సరిగ్గా కూర్చోనైనా కూర్చోలేదు. "మా వాడికి గురక," అంది. "పొద్దున లేవడు. తాగితే పాడతాడు, ఆ పాట బాగుండదు. కాళ్లు మంచుగడ్డలు." పెళ్లికొడుకు అసెన్ తల వంచుకుని రకియా సారాయి గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. సెవ్దా తండ్రి చాలాసేపు ఆలోచించాడు. "ఇంత చెప్పాక ఈవిడ దగ్గర దాచింది ఏమీ మిగలదు," అన్నాడు. పిల్లనిచ్చాడు. పెళ్లయ్యాక చూసుకుంటే చెప్పినవన్నీ నిజమే. పాట మరీ నిజం.

పెళ్లి రోజునే, ఆ కొండల ఆచారం ప్రకారం, అత్త తన చేత్తో అల్లిన మేజోళ్ల జతను కోడలి ఒళ్లో పెట్టింది. ఎర్రటి మీద నల్లటి మెట్లు. చూసినవాళ్లందరూ నోళ్లు తెరిచారు. రుసా అవ్వ మడమ అంటే కోడిగుడ్డు అని పేరు. అంత నునుపు, అంత గుండ్రం.

"దీనికీ లోపముంది," అంది రుసా అవ్వ. "మడమ ముగించేచోట ఒక వరస తొందరపడి ముందే దించేస్తాను. చిన్నప్పటి అలవాటు, పోలేదు. బొటనవేలితో తడుము. బార్లీ గింజంత తగులుతుంది. తగిలిందా? అదీ."

తగిలింది. సెవ్దా సిగ్గుతో నవ్వింది. లోపాన్ని బహుమతితో కలిపి ఇచ్చినవాళ్లను ఆమె అంతవరకు చూడలేదు.

ఇంకో కథ ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎక్కడిదో దూరదేశపు బస్సు ఊట దగ్గర ఆగింది. దిగినవాళ్లలో ఒక పొడుగాయన రుసా అవ్వ బల్ల మీది జతను తీసి, బొటనవేలు పైకెత్తి, బాగుందా అన్నట్టు కళ్లెగరేశాడు. కొండలవాళ్లు కాదనడానికి గడ్డం పైకెత్తి దించుతారు. రుసా అవ్వ గడ్డం పైకెత్తి దించింది. ఒకసారి కాదు, గట్టిగా, మళ్లీ మళ్లీ. ఆయన దేశంలో అలా ఊపితే అవునని అర్థం. ఇంత నమ్మకంగా చెప్పే అమ్మకందారును ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. నోటు చేతిలో పెట్టి బస్సెక్కాడు.

రుసా అవ్వ నోటు పట్టుకుని బస్సు వెంట పరిగెత్తింది. మలుపు దగ్గర పట్టుకుంది కూడా. తలుపు బాది, బస్సు ఆపించి, నోటు ఆయన ఒళ్లో పడేసి, మేజోళ్ల కోసం చెయ్యి చాచింది. ఆయన ఆ చేతిని పట్టుకుని ఊపాడు. కౌగిలించుకున్నాడు. ఫొటో తీసుకున్నాడు. బస్సు వెళ్లిపోయింది.

"డబ్బు ఆయనతో పోయింది. మేజోళ్లూ ఆయనతోనే పోయాయి," అని మూడో బల్ల పెనా పడీపడీ నవ్వింది. "రుసా, నీకన్నా దొంగ నయమే. వాడు ఒకటే పట్టుకుపోతాడు."

అవి నవ్వుకునే రోజులు. తర్వాత కొండ కింద కొత్త రోడ్డు వేశారు. నున్నగా, వెడల్పుగా, ఊటతో పనిలేకుండా. బళ్లన్నీ అటు మళ్లాయి. అదే ఏడు రంపపు మిల్లు మూసేశారు. అసెన్ ఇంట్లో కూర్చున్నాడు. కొన్నాళ్లు తలుపులు బాగుచేశాడు. ఇక బాగుచెయ్యడానికి తలుపులు మిగల్లేదు. బంగాళాదుంపలకు తెగులు తగిలింది. కనుమ మీద బల్లలు ఒక్కొక్కటిగా లేచిపోయి చివరికి మూడు మిగిలాయి. రుసా, కెరా, పెనా. ముగ్గురూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటారు. రోడ్డు మీద మబ్బుల నీడలు పోతుంటాయి. అవి ఆగి నీళ్లు తాగవు.

అలాంటి కాలంలో రుసా అవ్వ చెయ్యి చెడింది.

అది సెవ్దా గమనించి ఏడాది అవుతోంది. అంతకుముందు అత్త చెప్పే లోపాలు వెతికితే గానీ దొరికేవి కావు. ఇప్పుడు వెతకక్కరలేదు. మడమ నిజంగానే పక్కకుంది. వేళ్ల దగ్గర కుట్లు జారి కన్నాలు. జతలో రెండూ రెండు ఊళ్లవి. అమ్ముడుపోనివి ఇంటికొచ్చేవి. అసెన్ తొడుక్కునేవాడు.

"అమ్మా, ఇది చూడు. మడమ చీలమండ మీదికొచ్చింది."

"కాలు తిప్పుకుని తొడుక్కో."

"కాలెలా తిప్పుకుంటారే?"

"మిల్లు మూసేశారుగా. నడిచిపోయే పనేముంది నీకు?"

అసెన్ కాలు తిప్పుకునేవాడు. సెవ్దా పొయ్యిలో కట్టె సర్దేది. వయసు, అనుకునేది. ఆ చేతులకూ వయసొస్తుంది. అల్లుతుండగా చూద్దామంటే రుసా అవ్వ చూడనివ్వదు. అల్లిక పూర్తికాకముందు చూస్తే దిష్టి అంటుంది. గొర్రెల కొట్టంలోకి పోయి, తలుపుకు వీపు ఆనించి అల్లుకుంటుంది. సాయం చేస్తానంటే, "నీ చెయ్యి వడకడానికే. అల్లడానికి కాదు," అని ఊరందరి ముందూ ఒకసారి చెప్పేసింది. అది లోపమే. నిజమే.

ఇదంతా ఒక ఎత్తు, పక్క బల్ల కెరా ఒక ఎత్తు.

కెరాకు రుసా వయసే. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే మంద వెంట తిరిగినవాళ్లు. ఇప్పటికీ శరత్కాలంలో ఉన్నికి ఒకే కాగులో రంగులు వేసుకుంటారు. కెరాకు మోకాళ్లు పోయాయి. కళ్ల మీద పాలపొర కమ్మింది. పిల్లాజెల్లా లేరు. పాలవ్యాను ఎక్కి ఆలస్యంగా కనుమకు వస్తుంది. ఆమె మూట కూడా రుసా అవ్వే తెల్లవారుజామున మోసుకొస్తుంది. రెండు బల్లలూ తనే పరుస్తుంది. ఆ మూట మోసినందుకు కెరా ఏనాడూ ఒక మంచిమాట అన్న పాపాన పోలేదు.

"ఒసే రుసా, నా మూట సరిగ్గా పరిచావా? నీ వంకరవి వచ్చి నా వాటిలో కలిసేను."

"కలవ్వులే."

"పోయిన వారం ఆ డ్రైవరు ఏమన్నాడో విన్నావా? ఇంత మడమ జన్మలో చూళ్లేదన్నాడు. నాకు తెలియక అడుగుతాను, వయసు మీద పడేకొద్దీ నీకు పోతోంది, నాకు కుదురుతోంది. ఇదేం చిత్రమే?"

"చిత్రమే."

"మనసు మంచిదైతే చెయ్యి నిలుస్తుంది."

రుసా అవ్వ బల్ల మీది మేజోళ్లు సర్దేది. "ఈసారి ఏ రంగు వేస్తున్నావే?" అని అడిగేది.

"బూడిదరంగు మీద పచ్చ. ఎందుకు, కాపీ కొడతావా?"

"కొడతా."

"విన్నావా పెనా? సిగ్గయినా లేదు దీనికి," అనేది కెరా. పెనా నవ్వేది. సెవ్దా ముఖం తిప్పుకునేది. అడపాదడపా ఏదైనా బండి ఆగితే రుసా అవ్వ తన లోపాలన్నీ ఏకరువు పెట్టి, కొనేవాణ్ని పక్క బల్లకు పంపేది. కెరా అమ్మేది. మబ్బు కళ్లతో నోటును ముఖానికి ఆనించి చూసుకుని, చొక్కాలో దోపుకునేది. సెవ్దా ఖాళీ చేతులతో ఇంటికి పోయేది.

ఆ ఏడు దిమిత్రీ పండుగ దగ్గరపడింది. ఆ రోజుతో గొర్రెలు కొండ దిగుతాయి. చలికాలం మేపగలిగినవాళ్లు కొట్టంలో కట్టుకుంటారు. మేపలేనివాళ్లు కటిక వాడికి ఇచ్చేస్తారు. అసెన్ ఇంట్లో గడ్డి లేదు. గడ్డి కొనడానికి ఏమీ లేదు. "పండుగ సాయంత్రం రమ్మన్నాను వాణ్ని," అన్నాడు, నేల చూస్తూ. గొర్రెలు పోతే ఉన్ని లేదు. ఉన్ని లేకపోతే ఆ వంకర మేజోళ్లు కూడా లేవు. అది ముగ్గురికీ తెలుసు.

సరిగ్గా అప్పుడు కబురొచ్చింది. ప్లొవ్‌దివ్‌లో దుకాణం నడిపే మిహైలోవా అనే ఆమె పండుగ పొద్దున పట్నంనుంచి కనుమకు వస్తోందట. చేతి అల్లిక మేజోళ్లు చూసి, ఒకరిని ఎంచుకుని, చలికాలమంతా వాళ్ల దగ్గరే కొంటుందట. ముందే కొంత చేతిలో పెడుతుందట. ఒక్కరినే. ఒకే చేతి అల్లిక కావాలట.

సెవ్దా ఆ సాయంత్రం అత్త ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అత్తా, ఒక్క పూట. ఒక్క పూట నోరు మూసుకో."

"అబద్ధం చెప్పను."

"చెప్పమనడం లేదు. అసలేమీ చెప్పకు."

"అడిగితే?"

"అడగదు. నీకు గొంతు పోయిందని చెప్తాను."

"అది అబద్ధం."

"అది నేను చెప్తాను. నువ్వు చెప్పడం లేదు కదా?"

రుసా అవ్వ ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసింది. "సరే," అంది. "కానీ మేజోళ్లు వంకరగా ఉన్నాయి, తెలుసు కదా?"

"తెలుసు అత్తా." సెవ్దా మూటను అత్త ముందుకు జరిపింది. "వాటిల్లో కాస్త మంచివి ఏరి పెట్టు."

"మంచివి లేవు," అంది రుసా అవ్వ.

పండుగ పొద్దున పొగమంచు. కొండలు లేవు, రోడ్డు లేదు, ఊట చప్పుడు మాత్రం ఉంది. సెవ్దా అత్త మెడకు శాలువా చుట్టింది. గొంతు నొప్పి నమ్మేలా లోపల కోసిన ఉల్లిపాయ పెట్టింది. దానితో ఆగలేదు. అంగట్లో దొరికే గట్టి నువ్వుల పాకం ముక్క ఒకటి నోట్లో కుక్కింది. అవ్వకు ఉన్న నాలుగు పళ్లూ దానికి అతుక్కుపోయాయి.

"ఏమిటే, అత్తను పెళ్లికి ముస్తాబు చేస్తున్నావా?" అంది పెనా.

"పోనీలే పాపం," అంది కెరా. "ఎలాగూ ఆవిడ నా బల్ల దగ్గరికే వస్తుంది. సెవ్దా, నువ్వు బాధపడకు తల్లీ. అందరికీ అన్నీ ఉండవు."

పొగమంచులోంచి ఒక చిన్న కారు వచ్చి ఆగింది. దిగినామె నడివయసు మనిషి. తిన్నగా ఊట దగ్గరికెళ్లి నీళ్లు తాగింది. వేళ్లు విదిలించింది. వచ్చి మొదటి బల్ల ముందు నిలబడింది. మొదటి బల్ల రుసా అవ్వది.

"స్వచ్ఛమైన ఉన్ని అమ్మగారూ," అంది సెవ్దా గబగబా. "మా గొర్రెలదే. నేనే వడికాను. మా అత్త అల్లింది, పాపం గొంతు పోయింది ఆవిడకు, మాట్లాడలేదు..."

మిహైలోవా ఒక జత తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. రుసా అవ్వ దవడలు కదలడం మొదలుపెట్టాయి. సెవ్దా ఆ దవడలనే చూస్తోంది. మిహైలోవా మడమ దగ్గర ఆగింది. దవడలు వేగం అందుకున్నాయి. ఏదో పటుక్కుమంది. పాకమో, పన్నో.

రుసా అవ్వ మింగింది.

"మడమ పక్కకుంది," అంది.

మిహైలోవా సెవ్దా వైపు తిరిగింది.

"గొంతు పోయిందన్నావు?" అంది మిహైలోవా.

"వచ్చినట్టుంది," అంది సెవ్దా.

"వేలి దగ్గర కుట్లు జారాయి," అంది రుసా అవ్వ. నోరు తెరిచాక ఆమెను ఆపగలిగేది లేదు. "రెండోది పొడుగు. బిగువు ఒకచోట ఉంది, ఒకచోట లేదు. తీసుకోకు తల్లీ. ఆ పక్క బల్ల చూడు."

సెవ్దా గోడ మీద కూలబడింది. ఏడుపు రాలేదు. రావడానికి కూడా లోపల ఏమీ మిగల్లేదు. సాయంత్రం కటిక వాడి బండి వస్తుంది. నల్లగొర్రె ముందు ఎక్కనంటుంది. దాన్ని తనే ఎక్కించాలి.

మిహైలోవా పక్క బల్ల ముందు చాలాసేపు నిలబడింది. బూడిదరంగు మీద పచ్చ. లోపలి వైపు తిప్పి చూసింది. సాగదీసి చూసింది.

"ఇవి ఎవరివి?"

"నావే అమ్మగారూ," అంది కెరా. "నా చేతులవే. అందరూ అడుగుతారు."

"ఈ చెయ్యే కావాలి నాకు." మిహైలోవా ఒక జత పట్టుకుని వెనక్కి తిరిగింది. ఆమె కళ్లలో నవ్వు. "అవ్వా, సొంత సరుకునే ఇంత తిట్టేదానివి, పక్కవాళ్లది ఊరికే వదలవు కదా. దీనికేం లోపముందో చెప్పు."

"దాన్ని అడక్కండి!" అంది కెరా. "దానికి కుళ్లు."

రుసా అవ్వ మేజోడు తీసుకుంది. పొగమంచు వెలుతురుకు పట్టుకుంది. తిప్పింది. సెవ్దా తల ఎత్తలేదు. మొదటిసారి అత్త ముఖంలో తడబాటు కనిపించిందని పెనా తర్వాత చెప్పింది. ఆమె పెదవులు ఒకసారి మూసుకున్నాయి. మళ్లీ తెరుచుకున్నాయి. జబ్బు జబ్బే.

"ఉంది," అంది. "మడమ ముగించేచోట ఒక వరస తొందరపడి ముందే దించారు. బొటనవేలితో తడిమితే బార్లీ గింజంత తగులుతుంది."

"నా మడమలో గింజా!" అంది కెరా.

సెవ్దా తల ఎత్తింది.

లేచింది. బల్ల దగ్గరికొచ్చింది. కెరా బల్ల మీది జతను తీసి బొటనవేలు లోపలికి పోనిచ్చింది. గింజ ఉంది. ఇంకొకటి తీసింది. గింజ. ఇంకొకటి. గింజ. అత్త బల్ల వైపు చూసింది. వంకరపోయిన మడమలు, జారిన కుట్లు. కెరా చేతుల వైపు చూసింది. ఒళ్లో ఆ చేతులు, పనేమీ లేకపోయినా, నీళ్లమీది ఆకుల్లా వణుకుతున్నాయి.

తెల్లవారుజామున రెండు మూటలు మోసుకొచ్చేది ఒకరే. రెండు బల్లలు పరిచేదీ ఒకరే. ఈసారి ఏ రంగే, అని అడిగేదీ ఒకరే.

"అమ్మగారూ," అంది సెవ్దా. గొంతు పెద్దగా వచ్చింది. "ఇవి..."

రుసా అవ్వ కోడలి వైపు చూసింది. గడ్డం పైకెత్తి దించింది. నాలుకతో చిన్నగా చప్పుడు చేసింది. ఒక్కసారే.

"ఇవి?" అంది మిహైలోవా.

సెవ్దా గొర్రెలను తలుచుకుంది. అసెన్ నేల చూపులను తలుచుకుంది. కెరా ముఖం ఆమె వైపు తిరిగి ఉంది. పాలపొర వెనక ఆ కళ్లు పండుగ కళ్లలా ఉన్నాయి.

"ఇవి చాలా వెచ్చగా ఉంటాయి," అంది సెవ్దా. "నా దగ్గరో జత ఉంది."

మిహైలోవా బొటనవేలితో గింజను తడిమింది. "ఇది లోపం కాదు. ఇది సంతకం," అంది. "ఇంకేమైనా ఉందా అవ్వా?"

"ఉంది. ధర. ఇంత తక్కువకు అమ్మితే ఇందులో నిజంగానే ఏదో ఉందనుకుంటారు జనం."

మిహైలోవా తల వెనక్కి వాల్చి నవ్వింది. ధర పెంచింది. చలికాలమంతా ఎన్ని అల్లితే అన్నీ తీసుకుంటానంది. ముందస్తు నోట్లు కెరా చేతిలో పెట్టింది. కెరా వాటిని ముఖానికి ఆనించి చూసింది. చొక్కాలో దోపుకోలేదు. పట్టుకుని అలాగే కూర్చుంది. కారు పొగమంచులోకి వెళ్లిపోయింది.

"ఒసే రుసా," అంది కెరా.

"ఏమే?"

"ఇంత పని నేనొక్కదాన్ని చెయ్యలేను. నువ్వు కూడా రా. మా ఇంట్లో పొయ్యి పక్కన కూర్చో. వచ్చింది చెరి సగం." ఆమె గొంతు తగ్గించింది. పెనాకు కూడా వినబడేంతగా తగ్గించింది. "నీ చెయ్యి చెడిపోయింది, నాకు తెలీదా? పాపమనిపిస్తుందే. ఏం ఫరవాలేదు. మడమ తిప్పడం మళ్లీ మొదటినుంచి నేర్పిస్తాను."

రుసా అవ్వ ఆమెను చూసింది. ఆ కొండల్లో మడమ అంటే కోడిగుడ్డని పేరు పడిన మనిషి.

"నేర్పు," అంది.

"తిడతాను. ఏడవకూడదు."

"ఏడవను."

కెరా నోట్లను రెండు భాగాలు చేసి, పెద్దగా తోచినదాన్ని రుసా ఒళ్లో పడేసింది.

దిగువకు నడుస్తుంటే పొగమంచు విడిపోయింది. సెవ్దా రెండు మూటలూ తానే భుజాన వేసుకుంది. మలుపు తిరగగానే అడిగేసింది.

"ఏడాదిగా మమ్మల్ని చంపావు కదా అత్తా. ఒక్క మాట చెబితే?"

"ఎవరడిగారు? వంకరగా ఉన్నాయన్నాను. వంకరగానే ఉన్నాయి. నేను అల్లానని అన్నానా?"

సెవ్దా గుర్తు చేసుకుంది. అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు.

"మరి కెరా పిన్నికి చెప్పచ్చు కదా? లోపం దాచవు కదా నువ్వు. మేకది చెప్పావు. మీ అబ్బాయివన్నీ మా నాన్న ముందు కూర్చుని చెప్పావు."

"మేకను అమ్ముతున్నాను. వాణ్ని నీకు అంటగడుతున్నాను. చెప్పాలి." రుసా అవ్వ శాలువాలోంచి ఉల్లిపాయ ముక్కలు తీసి రోడ్డు పక్కకు విసిరింది. "కెరాని నేను ఎవరికీ అమ్మడం లేదు కదా?"

సాయంత్రం కటిక వాడి బండి వచ్చింది. అమ్మడం లేదని అసెన్ చెప్పబోయాడు. ఆ అవసరం రాలేదు. రుసా అవ్వ అప్పటికే కొట్టం గుమ్మంలో నిలబడి ఉంది. "దానికి దగ్గు," అంటోంది. "దీనికి కాలు బెణికింది. ఆ నల్లదానికి పొగరు, మాంసం కూడా పొగరుగానే ఉంటుంది. ఆ చివరిది..." కటిక వాడు చివరిదాకా వినలేదు. సెవ్దా గోడకు ఆనుకుని, ఒక్క మాట కూడా అడ్డు రాకుండా, తృప్తిగా వింది.

ఆ చలికాలం మంచు కిటికీల దాకా పడింది. రుసా అవ్వ రోజూ కెరా ఇంటికి పోయి తిట్లు తినొచ్చేది. "ఇవాళ ఏం నేర్చుకున్నావు?" అని అడిగితే, "నా మడమ ఇంకా కుదరలేదట," అనేది. కెరా అల్లినవి మూటలో ఇంటికొచ్చేవి. కొట్టంలో తను అల్లి ఇంటినుంచి పట్టుకెళ్లినవి ప్లొవ్‌దివ్ పోయేవి.

ఒక పొద్దున అసెన్ పొయ్యి ముందు కూర్చుని కొత్త జత తొడుక్కుంటున్నాడు. లాగాడు. తిప్పాడు. మళ్లీ లాగాడు.

"అమ్మా, ఈ మడమ..."

రుసా అవ్వ నోరు తెరిచేలోపే సెవ్దా అందుకుంది.

"కాలు తిప్పుకుని తొడుక్కో," అంది.